మొదటి శిఖరానికి ముందు: కాళ్ల బలం కంటే రోజుల లెక్క ముఖ్యం

2014 మే 25న ఇద్దరు తెలుగు గురుకుల విద్యార్థులు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది ఖమ్మం జిల్లా. కొండ ఎక్కడమంటే తిరుమల మెట్లే గుర్తొచ్చే మన ఇళ్లలో ఆ రోజు నుంచి హిమాలయాల మాట మొదలైంది. జంట నగరాల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దవాళ్లు కూడా మొదటి శిఖరానికి డబ్బు కట్టేస్తున్నారు. ఒకరు ఆఫ్రికాలోని కిలిమంజారో అంటారు, ఒకరు మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ అంటారు, ఇంకొకరు ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా వెళ్లొస్తే చాలంటారు.

వెళ్లాలన్న కోరికకు లోటు లేదు. సలహాలకూ లోటు లేదు. జిమ్‌లో చేరమని ఒకరు, ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకోమని ఒకరు, మంచి బూట్లు కొనమని ఒకరు, ముందు పర్వతారోహణ కోర్సు చేయమని మరొకరు చెబుతారు. వీటిలో అబద్ధం ఏదీ లేదు గానీ, అన్నిటికీ ఒకే విలువ లేదు. సికింద్రాబాద్‌లో ఉండి మొదటిసారి ఎత్తైన కొండకు బయలుదేరే మనిషి దేనికి ఎంత విలువ ఇవ్వాలో, వైద్య పరిశోధన, సైన్యం అనుభవం, మన ఆరోహకుల చరిత్ర కలిపి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

ఎత్తు ఏం చేస్తుంది?

సికింద్రాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. పర్వత వైద్యం లెక్కలో ఇది మైదానమే. గాలిలో ఆక్సిజన్ వాటా ఇక్కడా 21 శాతమే, ఎవరెస్ట్ మీదా 21 శాతమే. పైకి వెళ్లే కొద్దీ తగ్గేది గాలి పీడనం. సుమారు 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండే పీడనంలో సగానికి వస్తుంది. ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతే మిగులుతుంది. అంటే అక్కడ పీల్చే ప్రతి శ్వాసలో మనకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది.

శరీరం ఊరుకోదు. వెంటనే శ్వాస వేగం పెంచుతుంది. ఎక్కువగా ఊపిరి వదలడం వల్ల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాంతో మెదడు శ్వాసను మళ్లీ అదుపు చేయబోతుంది. మూత్రపిండాలు అదనపు బైకార్బొనేట్‌ను బయటికి పంపితే తప్ప ఈ లాగులాట తీరదు. ఆ పనికి రోజులు పడతాయి. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి. సర్దుబాటు సగంలో ఉండగా రాత్రి నిద్రలో శ్వాస కొన్ని క్షణాలు ఆగి, ఒక్కసారిగా ఎగబీల్చినట్టు మొదలవుతుంది. పక్క డేరాలోవాళ్లు హడలిపోయినా ఎత్తులో ఇది చాలామందికి జరిగేదే.

సర్దుబాటుకు గడువు ఇవ్వకుండా పైకి పోతే మూడు రకాల జబ్బులు పొంచి ఉంటాయి. మొదటిది ఏఎంఎస్ అని పిలిచే పర్వత అస్వస్థత. తలనొప్పి, దానితో పాటు వికారం లేదా వాంతి, నీరసం, తల తిరగడం. రెండోది హేప్, అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కదలకుండా కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. కొత్త ఎత్తుకు చేరిన రెండో రాత్రి ఇది ఎక్కువగా బయటపడుతుంది. మూడోది హేస్, మెదడు వాపు. మనిషి తూలతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, చివరకు స్పృహ తప్పుతాడు. చివరి రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు.

హేస్‌ను పసిగట్టడానికి యంత్రం అక్కర్లేదు. అనుభవమున్న గైడు నేల మీద కర్రతో ఒక గీత గీసి, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించుకుంటూ దాని మీద నడవమంటాడు. పది అడుగులు తూలకుండా వేయలేని మనిషిని అర్ధరాత్రైనా కిందికి దించాల్సిందే. ఈ పరీక్ష ఎలా చేయాలో బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. తూలుతున్న మనిషి తనకేమీ కాలేదనే అంటాడు మరి.

సైన్యం నేర్చిన పాఠం

ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పిన వాళ్లలో మన సైనిక వైద్యులు ముందువరసలో ఉన్నారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లోని జవాన్లను హడావుడిగా ఎత్తైన సరిహద్దులకు చేర్చాల్సి వచ్చింది. శత్రువు తుపాకీతో పాటు ఎత్తు కూడా వాళ్లను దెబ్బతీసింది. ఇందర్ సింగ్ నాయకత్వంలోని వైద్య బృందం సుమారు 3,350 నుంచి 5,500 మీటర్ల మధ్య 1,925 మంది జవాన్లను పరిశీలించి, 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు ప్రచురించింది. ఇప్పటికీ ఈ రంగంలో పని చేసేవాళ్లు దాన్ని ప్రస్తావిస్తూనే ఉంటారు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, వాళ్లందరూ కసరత్తు చేసిన సైనికులు. అయినా జబ్బుపడ్డారు.

పౌరుల విషయంలోనూ అదే తేలింది. నేపాల్‌లోని ఫెరిచే సుమారు 4,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. హ్యాకెట్, రెన్నీ అనే వైద్యులు అక్కడ 278 మంది ట్రెక్కర్లను పరిశీలిస్తే 53 శాతం మందిలో ఏఎంఎస్ కనిపించింది. 1976లో లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. కింది నుంచి నడిచి వచ్చినవాళ్ల కంటే లుక్లా దాకా విమానంలో వచ్చినవాళ్లకే బాధ ఎక్కువగా ఉంది.

అందుకే సైన్యం జవాన్లను పైకి పంపడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య ఆరు రోజులు. అందులో మొదటి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత మెల్లగా నడక, చివర్లో చిన్న ఎక్కుడు. 3,600 నుంచి 4,500 మీటర్ల మధ్య మరో నాలుగు రోజులు. ఆ పైన ఇంకో నాలుగు రోజులు. మొత్తం పద్నాలుగు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరు. తిరుమలగిరిలోనో బొల్లారంలోనో లద్దాఖ్‌లో పని చేసి వచ్చిన మాజీ సైనికులు మన ఇరుగుపొరుగునే ఉంటారు. ట్రెక్కింగ్ వీడియోలు చూసే ముందు వాళ్లతో ఒక గంట కూర్చుంటే మేలు. ఏడు రోజుల్లో ఆరు వేల మీటర్లు ఎక్కిస్తామనే ప్రకటన చూస్తే వాళ్లు ఏమంటారో వినండి.

ఫిట్‌నెస్ ఎందుకు కావాలి, ఎంత కావాలి?

పరుగు బాగా తీసేవాడికి ఎత్తు జబ్బు రాదనేది చాలామంది నమ్మే మాట. పరిశోధన దాన్ని బలపరచలేదు. దమ్మున్న కుర్రాడు వేగంగా ఎక్కేసి, ఆ వేగం వల్లే ముందుగా పడిపోవడం కొండల్లో కొత్తేమీ కాదు. ఎవరికి ఎత్తు పడుతుందో ముందుగా చెప్పగలిగే గట్టి ఆధారం ఒక్కటే: గతంలో అంత ఎత్తుకు వెళ్లినప్పుడు వాళ్లకు ఏమైందన్నది.

అలాగని సాధన మానేయమని కాదు. అలిసిపోయిన మనిషి అడుగు తప్పుతాడు, తినడు, తాగడు, చలికి తొందరగా లొంగుతాడు. దిగేటప్పుడు ప్రమాదాలు జరగడానికి అలసట పెద్ద కారణం. శిఖరం రోజు శ్రమ ఎంతో ఒక లెక్క చూడండి. కిలిమంజారోలో బరాఫు శిబిరం సుమారు 4,670 మీటర్ల దగ్గర ఉంది, శిఖరం 5,895. ఒక్క రాత్రిలో 1,200 మీటర్లకు పైగా ఎక్కాలి. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే పదంతస్తుల అపార్ట్‌మెంటు మెట్లు నలభై సార్లు ఎక్కినంత. అదీ సగం ఆక్సిజన్‌తో, గడ్డకట్టే చలిలో, నిద్ర లేకుండా. ఆ తర్వాత దిగడం ఉంది.

దీనికి సికింద్రాబాద్‌లో ఏర్పాట్లకు కొదవ లేదు. మౌలాలి గుట్ట మెట్లు ఉన్నాయి. వారాంతంలో భువనగిరి కోట ఉంది, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దారులు ఉన్నాయి. మిగతా రోజులకు ఇంటి మెట్లు చాలు. కనీసం మూడు నాలుగు నెలలు కావాలి. మొదటి నెల బరువు లేకుండా, మాట్లాడుతూ నడవగలిగినంత నిదానంగా గంట, గంటన్నర. రెండో నెల వీపు సంచిలో నాలుగైదు కిలోలు వేసుకుని మెట్లు. మూడో నెలకు ఎనిమిది పది కిలోలతో, వారంలో ఒక రోజు ఐదారు గంటల నడక. ఆఖరి నెలలో వరుసగా రెండు రోజులు పొడుగు నడకలు, ఎందుకంటే కొండ మీద నిన్నటి అలసట తీరకుండానే ఇవాళ మళ్లీ లేవాలి. చివరి పది రోజులు తగ్గించుకోవాలి. దిగడం కూడా సాధనలో భాగమే. చాలామంది మెట్లు ఎక్కి లిఫ్టులో దిగేస్తారు. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే.

రోజుల పట్టిక చదవడం

వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీ మార్గదర్శకాల సారాంశం ఇది: 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఒక రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో మరో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ముఖ్యం. ఈ సూత్రం తెలిస్తే ఏ ట్రెక్కింగ్ సంస్థ కాగితమైనా చదవవచ్చు.

కిలిమంజారోనే తీసుకుందాం. మరంగు దారిలో మొదటి రాత్రి మండారా గుడిసెల్లో, సుమారు 2,700 మీటర్లు. రెండో రాత్రి హొరొంబో, సుమారు 3,720. మూడో రాత్రి కిబో, సుమారు 4,720. ఐదు రోజుల పట్టికలో శిఖరానికి ముందు ఈ మూడు రాత్రులే ఉంటాయి. రెండో రాత్రి నుంచి మూడో రాత్రికి వెయ్యి మీటర్ల దూకుడు, ఆ రాత్రే లేచి శిఖరానికి బయలుదేరడం. సూత్రం చెప్పినదానికి ఇది రెట్టింపు. అదే కొండకు మచామే దారిలో ఏడు రోజుల పట్టిక చూడండి. ఒక మధ్యాహ్నం సుమారు 4,600 మీటర్ల లావా టవర్ దాకా తీసుకెళ్లి, మళ్లీ నాలుగు వేల లోపున్న బరాంకోకు దించి పడుకోబెడతారు. మర్నాడు కరాంగా కూడా దాదాపు అంతే ఎత్తు. పైకెక్కి కిందికొచ్చి పడుకోవడం వల్ల శరీరానికి ఎత్తు రుచి తెలుస్తుంది, రాత్రి కోలుకునే అవకాశమూ ఉంటుంది. రెండు పట్టికల మధ్య తేడా రెండు రోజుల ఖర్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆదా చేయకూడని ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే.

మన దేశంలో ఇదే లెక్క లేహ్‌కు వర్తిస్తుంది. శంషాబాద్‌లో విమానమెక్కి ఢిల్లీ మీదుగా వెళితే ఒక్క పూటలో సుమారు 3,250 మీటర్ల విమానాశ్రయంలో దిగుతారు. దిగినరోజు బాగానే ఉంటుంది. తలనొప్పి ఆ రాత్రో, మర్నాడో మొదలవుతుంది. మొదటి రెండు రోజులు ఊళ్లోనే విశ్రాంతిగా ఉండాలి, వెంటనే ఇంకా ఎత్తైన ఖార్దుంగ్‌లా కనుమ వైపు బండి ఎక్కకూడదు. రోడ్డున వెళ్తే మంచిదంటారు గానీ ఏ రోడ్డో చూడాలి. మనాలీ సుమారు 2,050 మీటర్లలో ఉంది. ఆ దారిలో మర్నాటి రాత్రే 4,290 మీటర్ల సర్చూలో బస పెడితే విమానం కంటే ప్రమాదం. శ్రీనగర్ దారిలో రాత్రి బస సుమారు 2,680 మీటర్ల కార్గిల్‌లో పడుతుంది. లద్దాఖ్‌కు రోడ్డున వెళ్లేవాళ్లకు ఇది మేలైన దారి.

శిఖరాల మాట అటుంచి, మన వాళ్లలో ఎక్కువమందికి మొదటి ఎత్తు అనుభవం తీర్థయాత్రలోనే. గౌరీకుండ్ నుంచి 3,583 మీటర్ల కేదార్‌నాథ్‌కు ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కేస్తారు. అమర్‌నాథ్ గుహ దాదాపు 3,900 మీటర్లు. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేయడం మంచి నిబంధన. భక్తికి రోజుల లెక్క వర్తించదనుకోవడం పొరపాటు.

మాత్రలు, కర్పూరం, ఆక్సిజన్ డబ్బా

అసెటజోలమైడ్, అంటే డయామాక్స్, నిజంగా పని చేసే మందు. మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను తొందరగా బయటికి పంపేలా చేసి, శరీరం రోజుల్లో చేసుకునే సర్దుబాటుకు ఊతమిస్తుంది. నివారణకు పెద్దలకు మామూలుగా సూచించే మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. మొదటి మాత్ర కొండ మీద కాకుండా ఇంట్లో ఉండగా వేసుకుని చూడాలి. డెక్సామెథసోన్ సంగతి వేరు. మెదడు వాపు వచ్చినప్పుడు అది ప్రాణాధారం. కానీ దాన్ని మింగి శిఖరానికి పరుగెత్తడం మహా ప్రమాదం, ఎందుకంటే అది సర్దుబాటుకు తోడ్పడకుండా లక్షణాలను మాత్రం కప్పేస్తుంది. ఏ మందైనా రోజులకు బదులు కాదు. హేప్‌కైనా హేస్‌కైనా అసలు వైద్యం వెంటనే కిందికి దిగడం. ఆక్సిజన్, మందులు, గాలి నింపే పీడన సంచి, ఇవన్నీ దిగేదాకా ప్రాణం నిలపడానికే.

కర్పూరం గుడ్డలో కట్టి వాసన చూడడం మన యాత్రికుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. ముక్కుకు హాయిగా ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్‌ను అది పెంచదు. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకే ఖాళీ అవుతాయి. వెల్లుల్లి సూప్ వేడివేడిగా కడుపులోకి పోతుంది, అంతవరకే దాని ఉపయోగం. లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే ఏఎంఎస్ రాదన్నదీ నిజం కాదు. దాహానికి తగినంత తాగి, మూత్రం లేత రంగులో ఉంటే చాలు. మద్యం, నిద్రమాత్రలు మొదటి రాత్రుల్లో శ్వాసను మందగింపజేస్తాయి, వాటిని పూర్తిగా మానాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ రోజుల నుంచి చాలా ఇళ్లలో ఉంది. తీసుకెళ్లండి గానీ దానికి బానిస కావద్దు. చల్లబడిన వేలికి పెడితే తప్పు అంకె చూపిస్తుంది. అంకె బాగుండి మనిషి తూలుతుంటే మనిషినే నమ్మాలి.

బయలుదేరే ముందు డాక్టరు దగ్గర

రక్తపోటు, గుండె, మధుమేహం, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును కలవాలని అందరికీ తెలుసు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు మాటలు చేర్చాలి. తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్ కాబట్టి ఆ లోటుతో ఎత్తుకు వెళ్లడం సగం సంచీతో సంతకు వెళ్లడమే. నాలుగు నెలల ముందే పరీక్ష చేయించుకుంటే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. రెండోది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు. గిరిజన ప్రాంతాల కుటుంబాల్లో ఇది ఎక్కువ. జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మోసేవాళ్లకు కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతిన్న సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. గురుకుల విద్యార్థులను కొండలకు పంపే సంస్థలు ఈ ఒక్క రక్తపరీక్షను తప్పనిసరి చేయాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు అది గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా దాచుకోవాలి, చలిలో గ్లూకోమీటర్ తప్పు చూపించవచ్చని గుర్తుంచుకోవాలి.

భువనగిరి బండ నుంచి మంచు దాకా

పూర్ణ, ఆనంద్‌ల విజయం ఒక్కరోజు సాహసం కాదు. అప్పుడు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకుంటే, శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి భువనగిరి బండ మీద వందకు పైగా పిల్లలకు తాళ్లు పట్టించారు. వాళ్లలోంచి కొందరు డార్జిలింగ్ వెళ్లారు, ఇంకా తక్కువమంది లద్దాఖ్ చలికాలం చూశారు, చివరకు ఇద్దరు మిగిలారు. ఎవరెస్ట్ యాత్రే దాదాపు యాభై రోజులు సాగింది. వార్తల్లో వయసు మాత్రమే కనిపించింది. దాని వెనకున్న వడపోత, నెలల శిక్షణ, ఒక్కో మెట్టు ఎత్తు పెంచుకుంటూ పోయిన తీరు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పూర్ణ ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేసేసరికి 2022 జూన్ వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎంచుకోవాల్సిన క్రమమూ ఇదే. తాడు, మంచు గొడ్డలి అవసరం లేని నాలుగు వేల మీటర్ల ట్రెక్ ఒకటి. తర్వాత కిలిమంజారో లాంటి నడక శిఖరం. ఆపైనే బూట్లకు క్రాంపాన్లు, అంటే మంచు ముళ్లు, కట్టుకోవాల్సిన ఫ్రెండ్‌షిప్ పీక్ లాంటివి. ఆరు వేల మీటర్ల మంచు శిఖరం మొదటి కొండ కాకూడదు.

నేర్చుకోవాలనుకుంటే ప్రభుత్వ సంస్థలున్నాయి. డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965 నుంచి ఉన్న నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి సంస్థ, పహల్గామ్‌లో జవహర్ ఇన్‌స్టిట్యూట్, అరుణాచల్‌లో దిరాంగ్ సంస్థ. బేసిక్ కోర్సు దాదాపు నెల రోజులు. సెలవు దొరకడం కష్టం, సీటు దొరకడం ఇంకా కష్టం. అయినా మంచులో జారితే గొడ్డలితో ఆపుకోవడం, తాడుకు కట్టుకుని నడవడం, మంచు పగుళ్ల దగ్గర అడుగు వేయడం నేర్పే చోటు ఇంతకంటే చవకగా దొరకదు. వెళ్లలేనివాళ్లు కనీసం భువనగిరిలో బండ ఎక్కడం నేర్చుకుని, తాడు ముడులు చేతికి అలవాటు చేసుకోవాలి. మంచు సంగతి మాత్రం మంచు మీదే వస్తుంది.

సామాను, సంస్థ, బీమా

సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చెమట పీల్చి తడిగానే ఉండిపోయే జీన్స్, నూలు బనియన్లు వద్దు. లోపల చెమట బయటికి పంపే పొర, మధ్యలో వెచ్చని పొర, పైన గాలి, వాన ఆపే పొర ఉండాలి. బూట్లు కనీసం రెండు నెలలు మౌలాలి మెట్ల మీద అరగదీసి తీసుకెళ్లాలి. ఖరీదైన మంచు బూట్లు, క్రాంపాన్లు మనాలీ, లేహ్‌లలో అద్దెకు దొరుకుతాయి. ఆ డబ్బు మిగిల్చి అదనపు రోజుకు పెట్టండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి నాలుగే. ప్రతి రాత్రి పడుకునే ఎత్తు ఎంత? వాతావరణం చెడితే వాడుకోవడానికి ఖాళీ రోజు ఉందా? ఒకరు జబ్బుపడి దిగాల్సి వస్తే వారితో వెళ్లే గైడు వేరే ఉన్నాడా, లేక బృందమంతా ఆగిపోతుందా? ఆక్సిజన్ సిలిండరు, మందుల పెట్టె, ఫోను పనిచేయని చోట మాట్లాడే ఏర్పాటు ఉన్నాయా? బీమాలో సాహస క్రీడలను మినహాయించారేమో, ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఉందో లేదో చిన్న అక్షరాల్లో వెతకాలి. నేపాల్‌లో అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బీమా సొమ్ము కాజేసిన వ్యవహారం 2018లో బయటపడింది. కాబట్టి బీమా కంపెనీ అత్యవసర నంబరు మీ జేబులోనే ఉండాలి.

వెనక్కి తిరగడం

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం నుంచి వచ్చిన మల్లి మస్తాన్ బాబు మనం గర్వించదగ్గ ఆరోహకుడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు. అంత అనుభవజ్ఞుడు 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం దొరికింది. శిక్షణ సంస్థల రక్షణ కూడా హద్దులున్నదే. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా మీద మంచు చరియ విరిగిపడి ఉత్తరకాశీ సంస్థ బృందంలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎంత సిద్ధమైనా కొండ ప్రమాదం సున్నా కాదని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి. ఒంటరిగా వెళ్లకపోవడం, వాతావరణం మారితే ఆగిపోవడం, ఇన్ని గంటలకల్లా శిఖరం రాకపోతే ఎక్కడున్నా తిరిగిపోవాలని ముందు రాత్రే నిర్ణయించుకోవడం, ఇవే మన చేతిలో ఉన్నవి.

ఇలా వెనక్కి తిరగడానికి తెలుగు ఆరోహకులకు ఒక అడ్డంకి ఉంది. మన దగ్గర చాలామంది పేద కుటుంబాల నుంచి, దాతల డబ్బుతో, ప్రభుత్వ సాయంతో వెళ్తున్నారు. జెండా పట్టుకుని ఫొటో దిగకపోతే డబ్బిచ్చినవాళ్లకు మొహం ఎలా చూపించాలన్న బెంగ వాళ్ల సంచిలో అన్నిటికంటే బరువైన వస్తువు. దాతలు, పత్రికలు, అధికారులు ఈ బరువు దించాలి. సాయం ప్రకటించే రోజే, మధ్యలో తిరిగొచ్చినా అభినందిస్తామని బహిరంగంగా చెప్పాలి. వయసు రికార్డుల మోజు కూడా తగ్గాలి. 2018లో, 2021లో ఏడేళ్ల హైదరాబాద్ పిల్లలు కిలిమంజారో ఎక్కారని మనం చప్పట్లు కొట్టాం. వాళ్లు క్షేమంగా వచ్చారు, సంతోషం. కానీ తలనొప్పి ఎక్కువగా ఉందో తక్కువగా ఉందో సరిగా చెప్పలేని వయసులో ఏఎంఎస్‌ను గుర్తించడం పెద్దలకే కష్టం. నేపాల్ తన వైపు నుంచి ఎవరెస్ట్‌కు పదహారేళ్ల కనీస వయసు పెట్టిందంటే ఊరికే కాదు.

మొత్తం చూస్తే తేలేది ఇది. సాధన, శిక్షణ, మందులు, సామాను అన్నీ కావాలి, కానీ అవన్నీ శరీరానికి ఇచ్చిన వ్యవధి మీద ఆధారపడి పని చేస్తాయి. ఆ వ్యవధి లేకపోతే ఏదీ ఆదుకోదు. నిదానమే ప్రధానం అని పెద్దలన్న మాటకు ఇంతకంటే గట్టి వైద్య సాక్ష్యం మరోచోట దొరకదు. కాబట్టి సికింద్రాబాద్‌లో మొదటి శిఖరానికి డబ్బు కట్టబోయే ప్రతి ఒక్కరికీ ఒకటే మనవి. రాత్రి రాత్రికీ ఎంత ఎత్తులో పడుకుంటామో రాసిన పట్టిక అడగండి. 3,000 మీటర్లు దాటాక 500 దాటిన గెంతులు కనిపిస్తే, దానికి ముందో వెనకో మరో రాత్రి చేర్చమనండి. ఆ రోజులకు సెలవు దొరకకపోతే ఈ ఏడాది మానుకోండి. పట్టిక ఇవ్వని సంస్థకు మాత్రం డబ్బు కట్టకండి.